ముందొచ్చిన కట్ట

మార్చి 6, 1961, సోమవారం

ఇందుమూలంగా హాల్డేన్ పార్క్ పురజనులందరికీ తెలియజేయడమేమనగా: పద్నాలుగో నంబరింటి మిసెస్ చాలనర్ గారి పిల్లి, నిన్న మధ్యాహ్నం సరిగ్గా మూడు గంటల పది నిమిషాలకు మా వంటింటి కిటికీ గుండా ప్రవేశించి, పొగబెట్టిన హెర్రింగ్ చేప ఒకదానిని స్వాధీనపరుచుకొని, తోకను మాత్రం గుమ్మం మీద రసీదుగా వదిలి నిష్క్రమించినది. సంతాప సభ జరగదు. పూలు పంపవద్దు.

రెండో వార్త. మా పాత థియేటర్ గ్రాండ్‌ని పడగొడుతున్నారు.

ఇది ముందు రాయాల్సింది. చెయ్యి రాలేదు.

పొద్దున పార్కు బెంచీలకి రంగు వెయ్యడానికి వెళ్తుంటే చూశాను. చుట్టూ చెక్కల కంచె కట్టేశారు. డేలీ అని ఐరిష్ మేస్త్రీ ఒకడు గేటు దగ్గర నిలబడి టీ తాగుతున్నాడు.

"లోపలికి రావచ్చా గురూ?" అన్నాను.

"ఎందుకు? ఏమన్నా మర్చిపోయావా?"

"మా అత్తగార్ని. ముప్పై ఎనిమిదో సంవత్సరంలో బాల్కనీలో కూర్చోబెట్టి వచ్చాను. ఆట అయ్యాక తీసుకెళ్దామనుకుంటే నిద్రపోతోంది."

"ఉంటే కబురు చేస్తాలే. ఏం కట్టుకునుంటుందేమిటి?"

"కోపం," అన్నాను.

నవ్వాడు. నేనూ నవ్వాను. పైన గోపురం రేకు ఊడదీస్తున్నారు. పెట్రోలు బంకు కడతారట, దాని పైన ఆఫీసులట.

మా ఆవిడ ఐవీకి చెప్పలేదు. తనే కూరల కొట్లో వినొచ్చింది.

మార్చి 8, బుధవారం

లైబ్రరీ మిస్ ఓక్‌షాట్ కబురు పెట్టింది. గ్రాండ్ చరిత్ర చిన్న పుస్తకంగా వేస్తారట. ఫోటోలు దొరికాయట, మనుషులు దొరకలేదట.

"పెగ్లర్ గారూ, మీరు అక్కడ ముప్పై మూడేళ్ళు పనిచేశారు. స్టేజీ వెనకాల పనివాళ్ళలో మిగిలింది మీరొక్కరే."

"నేను పద్నాలుగేళ్ళకే బడి మానేశానమ్మా. కామా ఎక్కడ పెట్టాలో తెలీదు నాకు."

"కామాలు నేను పెడతాను. మీరు నిజాలు పెట్టండి."

అలా అంటే మాత్రం నేను ఊరుకోగలనా? 1926లో సర్కస్ ఏనుగొకటి సామాన్ల ద్వారంలో ఇరుక్కుపోయిందనీ, తొమ్మిది శేర్ల వెన్న రాసి బయటికి లాగామనీ చెప్పాను. కళ్ళజోడు సర్దుకుని మొత్తం రాసుకుంది. వెన్న ఉప్పుదా, ఉప్పు లేనిదా అని కూడా అడిగింది.

ఇంటికొచ్చి ఐవీకి చెబితే నవ్వలేదు. ప్లేట్లు తుడుస్తోంది.

"రాస్తానన్నావా?"

"అన్నాను."

"అయితే ముప్పై ఒకటో సంవత్సరం అక్టోబరు సంగతి రాయి."

"అన్నీ రాయాలి కదే. కుక్కల ఆటలున్నాయి, గారడీవాళ్ళున్నారు..."

"కుక్కల గురించి కుక్కలు రాసుకుంటాయి. నువ్వు ఆ సోమవారం రాయి. ఫ్లోరీ డెలారే పేరు పెట్టి రాయి. అచ్చులో. ముప్పై ఏళ్ళుగా నా నోటిమాటే తప్ప కాగితం మీద ఎక్కడా లేదు. నా మాట ఎవడు నమ్మాడు గనక? ఆడది ఓడిపోయింది, కడుపుమంట అనుకున్నారు."

"ఆవిడిప్పుడు ముసలిదైపోయుంటుందే."

"నేను పడుచుదాన్నా?" అంది.

తర్వాత అలమారా పైనుంచి బిస్కెట్ల డబ్బా దించింది. అందులోని పాట కాగితాల కట్ట విప్పింది. నాకు తెలుసు విప్పుతుందని. అట్టడుగున డ్రమ్ము వాయించేవాడి కాగితం, దాని వెనక ఆకుపచ్చ వేలిముద్ర.

"చూడు. కళ్ళకి పూసుకునే రంగు. ఆ వారం కళ్ళకి ఆకుపచ్చ పూసుకుందెవరు?"

"ఫ్లోరీ," అన్నాను.

ముప్పై ఏళ్ళుగా నా డైలాగు అదే.

మార్చి 11, శనివారం

మిస్ ఓక్‌షాట్‌కి ఇచ్చేముందు ఇక్కడ రాసి చూసుకుంటాను.

గ్రాండ్‌ని 1899లో తెరిచారు. పన్నెండు వందల కుర్చీలు. రోజూ రెండు ఆటలు. పాటలు, గారడీ, కామిక్కులు, సైకిలు మీద విన్యాసాలు, మాట్లాడే బొమ్మ. సోమవారం కొత్తవాళ్ళు దిగుతారు, ఆదివారం రైలెక్కి ఇంకో ఊరు పోతారు. ఊళ్ళోవాళ్ళకి వారమంటే గ్రాండ్‌లో మారే పోస్టరే. ఇక్కడి సగం పెళ్ళిళ్ళు మా పై బాల్కనీలో కుదిరాయి, మిగతా సగం అక్కడే చెడిపోయాయి.

సోమవారం పొద్దున బ్యాండుతో రిహార్సలు. దానికో పద్ధతి ఉంది. ఆటగాళ్ళు ఎవరి పాట కాగితాలు వాళ్ళు మోసుకొస్తారు, పిడేలుకొకటి, బాకాకొకటి, డ్రమ్ముకొకటి, అలా కట్టగా. మొదట వచ్చినవాళ్ళు తమ కట్టని స్టేజీ అంచున, దీపాల పక్కన, ఎడమ చివర పెట్టాలి. తర్వాతొచ్చినవాళ్ళు దాని పక్కన. పోస్టరు మీద పేరు గజం పొడుగున్నా సరే, వరస వరసే. బ్యాండ్ మాస్టర్ ఎడమ చివర్నుంచి మొదలుపెడతాడు. ఇద్దరు ఒకే పాట తెచ్చుకున్నారా, ముందున్న కట్టదే పాట. రెండోవాళ్ళు ఆ వారమంతా ఆ పాట పెదవి మీదకి రానివ్వకూడదు. వాదనలు లేవు. మనుషులు అబద్ధమాడతారు, కట్టల వరస అబద్ధమాడదు అనేవాడు మా బ్యాండ్ మాస్టర్ గార్‌సైడ్.

1931 అక్టోబరు 12. ఐవీ కార్బెట్, ఈ ఊరమ్మాయి, ఇరవై మూడేళ్ళు, పెద్ద పోస్టరు మీద పేరు పడటం అదే మొదలు. ఆ సాయంత్రం మొదటి ఆటకి ఉత్తరాది టూర్ల ఏజెంటు వస్తున్నాడు. పొద్దున్నే ఏడింటికల్లా వచ్చి తన కట్ట ఎడమ చివర పెట్టి టీ కొట్టుకి వెళ్ళింది. స్టేషన్ దీపం గురించిన పాట, ఆ నెలే అచ్చయింది. ఎనిమిదింటికి ఆమె స్నేహితురాలు ఫ్లోరీ డెలారే వచ్చి రెండో కట్ట పెట్టింది. అందులోనూ అదే పాట. ముందురోజు రాత్రి ఇద్దరూ ఒకే మంచం మీద పడుకుని కబుర్లు చెప్పుకున్నారు. ఒకర్నొకరు ఆశ్చర్యపరుద్దామని పాట సంగతి మాత్రం ఒకరికొకరు చెప్పుకోలేదు.

గార్‌సైడ్ వచ్చేసరికి ఫ్లోరీ కట్ట ముందుంది. ఐవీ కట్ట రెండోది.

ఎవరో జరిపారు.

సాయంత్రం ఐవీ ఏదో పాత కామిక్ పాట పాడింది. పై బాల్కనీ వాళ్ళు మెల్లగా, ఒకే తాళంలో చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు. అది మెచ్చుకోలు కాదు. రెండో చరణం మధ్యలో లోపలికొచ్చేసింది. ఫ్లోరీ దీపం పాట పాడింది. ఏజెంటు ఫ్లోరీని తీసుకెళ్ళాడు. పదిహేనేళ్ళు ఊరూరా పాడింది. ఐవీ టోపీల కొట్లో పనికి చేరింది.

ఎవరో.

మార్చి 12, ఆదివారం

ఎవరో కాదు. నేను.

మార్చి 13, సోమవారం

ఈ పుస్తకం ఎవరూ చూడరు. రంగు డబ్బాల వెనక ఉంటుంది. కాబట్టి రాయొచ్చు.

ఆ పొద్దున నేను వెనక గోడ దగ్గర తెరకి రంగు పూస్తున్నాను. క్రిస్మస్ ఆటకి అడవి తెర. చేతులనిండా ఆకుపచ్చ. ఆడవాళ్ళిద్దరూ టీ కొట్లో ఉన్నారు. స్టేజీ ఖాళీ. రెండు కట్టలు పక్కపక్కనే ఉన్నాయి. నాకప్పుడు ఇరవై రెండు. ఆటగాళ్ళ చెప్పుల్లో జెల్లీ పోసేవాణ్ణి, మాట్లాడే బొమ్మకి మీసాలు పెట్టేవాణ్ణి. ఐవీ వచ్చి చూసుకుని గావుకేక పెడుతుంది, కాలు నేలకేసి కొడుతుంది, నేను తెర వెనకనుంచి వంగి దండం పెట్టి మళ్ళీ మారుస్తాను. అంతే. సరదాకి.

కట్టలు తారుమారు చేసి వెళ్ళాను. గార్‌సైడ్ ఆ రోజు ఎందుకో అరగంట ముందే వచ్చాడు. నేను నిచ్చెన దిగొచ్చేసరికి పిడేళ్ళు దీపం పాట మొదలెట్టేశాయి, ఫ్లోరీ స్టేజీ మధ్యలో నిలబడి ఉంది. ఐవీ పక్కన నిలబడి తన కట్ట వంక చూస్తోంది.

అప్పుడు నోరు తెరవాల్సింది. తెరిస్తే అక్కడికక్కడే పనిలోంచి తీసేసేవాళ్ళు. కట్ట ముట్టుకున్నవాణ్ణి ఇంగ్లండులో ఏ థియేటరూ గుమ్మం ఎక్కనివ్వదు.

ఆ సాయంత్రం ఐవీ మెట్లమీద కూర్చుని ఏడుస్తుంటే నా చేతిరుమాలు ఇచ్చాను. చేతులు కడుక్కునే ఇచ్చాను. ఏడాదిన్నరకి పెళ్ళి చేసుకున్నాం.

ఫ్లోరీ మొదట్లో ఉత్తరాలు రాసేది. ఐవీ విప్పకుండానే తిప్పి పంపేది. పోస్టు డబ్బాలో వేసొచ్చేది నేనే.

సరదాకి చేశాను.

మార్చి 19, ఆదివారం

వర్తింగ్ నుంచి ఉత్తరం వచ్చింది. అక్కడ సముద్రం ఒడ్డున ఏదో వృద్ధాశ్రమం, నర్సు రాసింది. మిస్ డెలారే ఛాతీ జబ్బుతో ఉంది. గ్రాండ్ పడగొడుతున్నట్టు పేపర్లో చూసింది. ఐవీని ఒక్కసారి చూడాలంటోంది.

చదివి వినిపించాను. ఐవీ అల్లిక ఆపలేదు.

"తప్పు ఒప్పుకుంటూ రాసిందా?"

"రాసింది నర్సే."

"ఒప్పుకుందా లేదా?"

"ఆ సంగతి లేదు ఇందులో."

"ఒప్పుకుంటే వస్తానని రాయి. కట్ట జరిపింది నేనే అని ఒక్క ముక్క రాయమను. ఆ పూటే రైలెక్కుతాను. నల్ల కోటు కూడా ఉతికించుకుంటాను."

"మనిషి మంచం మీదుందే ఐవీ."

"నేను మంచం మీద లేను కాబట్టి నాది బాధ కాదా? రాస్తావా, నన్ను రాయమంటావా?"

రాశాను. ఏ పాపం ఎరగని మనిషిని తప్పు ఒప్పుకోమని నా చేత్తో రాశాను. నా అక్షరాలు కోడి గీకినట్టుంటాయి, ఇవాళ గుండ్రంగా వచ్చాయి.

పోస్టులో వెయ్యలేదు. కోటు జేబులో ఉంది.

మార్చి 21

రేపు చెబుతాను.

మార్చి 22

వర్షం. బెంచీల పని లేదు. చెప్పలేదు.

మార్చి 25, శనివారం

డేలీ లోపలికి రానిచ్చాడు. పైకప్పు లేదు. కింది కుర్చీలమీద పావురాల రెట్టలు, పైన ఆకాశం. గ్రాండ్ లోపల నేనెప్పుడూ ఎండ చూడలేదు. ఎర్ర వెల్వెట్ అనుకున్నదంతా ఎండలో గోధుమరంగు.

వెనక గోడ ఇంకా ఉంది. మేం తెరలు కట్టి రంగు పూసే చోటు. గోడనిండా ముప్పై ఏళ్ళ రంగుల చిందులు, ఒకదానిమీద ఒకటి. వాన పడ్డ చోటల్లా కారి, అడుగున ఆకుపచ్చ బయటపడింది.

"అదేం రంగు, నీళ్ళకే పోతోంది?" అన్నాడు డేలీ.

"తెర రంగు. పొడి, వేడి జిగురు కలిపి పూస్తాం. తడి తగిల్తే వచ్చేస్తుంది. పైకప్పున్న చోట వాన పడదు కదా, అందుకని."

"మరి ఇన్నేళ్ళు నిలిచిందే."

"ఎవరూ తడి చెయ్యలేదు," అన్నాను.

మార్చి 28

ఐవీ అడిగింది, వర్తింగ్ నుంచి జవాబొచ్చిందా అని. ఇంకా రాలేదన్నాను. అబద్ధం కాదు.

మార్చి 30

రేపు గుడ్ ఫ్రైడే. పండగపూట వద్దు. ఎల్లుండి.

ఏప్రిల్ 1, శనివారం

మా వీధి మొత్తం పొద్దున్నుంచి నా మీద కన్నేసి ఉంచింది. ఏటా ఇవాళ నేను ఎవరో ఒకర్ని ఏప్రిల్ ఫూల్ చేస్తాను. కిందటేడు పార్కులో ఆరిపోయిన బెంచీలన్నిటికీ 'తడి రంగు' బోర్డులు తగిలిస్తే, మూడు రోజులు ఊరంతా నిలబడే ఉంది. ఇవాళ ఏమీ చెయ్యలేదు. మిసెస్ చాలనర్ రెండుసార్లొచ్చి గుమ్మం మీద బకెట్టేమన్నా పెట్టానేమో చూసుకుని, నిరాశగా వెళ్ళింది.

పన్నెండు దాటేదాకా ఆగాను. మధ్యాహ్నం పన్నెండు తర్వాత చేసిన పరాచికం చెల్లదు, చేసినవాడే ఫూల్ కదా, అందుకని నమ్ముతుందని.

ఐవీ బంగాళాదుంపలు చెక్కుతోంది. నేను నిలబడే చెప్పాను. ఆ కట్ట ఫ్లోరీ జరపలేదనీ, నేను జరిపాననీ, ఆ మరక నా చేతి రంగనీ.

కత్తి ఆపింది. గడియారం చూసింది.

"పన్నెండు దాటింది. ఇప్పుడు నువ్వే ఫూల్‌వి."

"ఫూల్ కాదు ఐవీ. నిజం."

నా మొహంలోకి చూసింది. తర్వాత తన మొహం మెత్తబడింది. అలా మెత్తబడటం నేను చూసి ఎన్నేళ్ళయిందో.

"పిచ్చి మొద్దూ. నన్ను వర్తింగ్ పంపించడానికి నీ నెత్తిన వేసుకుంటున్నావా? అది చచ్చిపోతే నేను తర్వాత బాధపడతానని?"

"అది కాదు..."

"వెన్న రాసి ఏనుగుని లాగినవాడివి. దీనికి మాత్రం సరిగ్గా ముస్తాబు చెయ్యలేకపోయావే. నీకు అబద్ధం ఆడేటప్పుడు చెవులు కదులుతాయి, తెలుసా? ఇవాళ రెండూ కదిలాయి." తడి చేతుల్తోనే నా తల వంచి నుదుటిమీద ముద్దు పెట్టింది. "ఇంత మంచివాడివని నాకు తెలీదయ్యా స్టాన్."

తను మళ్ళీ కత్తి అందుకుంది.

నిజమేనని మళ్ళీ అనాల్సింది. ఆ ముద్దు పోతుందని అనలేదు.

ఏప్రిల్ 2

ఈస్టర్. గొర్రె మాంసం బాగా కుదిరింది. ఐవీ వంట చేస్తూ కూనిరాగం తీసింది. దీపం పాట కాదు, ఇంకేదో.

ఏప్రిల్ 12, బుధవారం

నర్సు మళ్ళీ రాసింది. మిస్ ఫ్లోరెన్స్ డెలారే తొమ్మిదో తేదీ ఆదివారం మధ్యాహ్నం పోయింది. చివరి వారమంతా ఒకే మాట అడుగుతూ ఉందట: ఆ సోమవారం నుంచి ఐవీ నాతో ఎందుకు మాట్లాడలేదు, నేనేం చేశాను, ఎవరన్నా కనుక్కుని చెప్పండి అని.

ఐవీ ఉత్తరం తీసుకుని తనే చదువుకుంది. పెదాలు కదుపుతూ. రెండోసారి కూడా చదివింది.

"నాటకం," అంది. "స్టేజీ మనిషి. ఆఖర్న కూడా వేషమే. ఏం చేశానని అడుగుతుందా? డబ్బా దించు. దించు స్టాన్. అదేం చేసిందో చూపిస్తాను. దీని ఫోటో తీయించి పుస్తకంలో వేయించు, కింద దాని పేరు రాయించు. పోయినవాళ్ళ పేరు వెయ్యకూడదని ఎవరన్నా అంటే, నేనొచ్చి మాట్లాడతాను."

డబ్బా దించాను. కట్ట తనే విప్పింది. డ్రమ్ము కాగితం తిప్పి బల్లమీద నా ముందు పెట్టింది. ఇంకా వెలుతురుంది. కిటికీలోంచి మరక మీద పడుతోంది.

చెప్పినవన్నీ అయిపోయాయి. నా బొటనవేలు నాలిక మీద తడి చేసుకుని మరక మీద పెట్టి రుద్దాను.

వచ్చేసింది. వేలికి ఆకుపచ్చ అంటుకుంది. కాగితం మీద పాలిపోయిన తడి వలయం మిగిలింది.

మొహానికి పూసుకునే రంగు కొవ్వుతో చేస్తారు. నీళ్ళకి రాదు. క్రీము రాసి తుడవాలి. ఇది నేను ఐవీకి చెప్పక్కర్లేదు. స్టేజీ మీదున్న నాలుగేళ్ళూ ప్రతి సాయంత్రం తుడుచుకున్న మనిషి.

తను నా వేలు పట్టుకుంది. మెల్లగా తిప్పి చూసింది. మళ్ళీ కాగితం చూసింది. ఆ మరక ముప్పై ఏళ్ళు దాచుకుంది, దాన్ని ఎక్కడ ఎత్తుకెళ్తారోనని డబ్బాకి తాడు కట్టింది. అది ఇప్పుడు నా వేలిమీద ఉంది.

"తిప్పి పంపిన ఉత్తరాలు," అంది. "నువ్వే వేసొచ్చేవాడివి."

"ఊఁ."

"ఎన్ని?"

"పదకొండు."

"లెక్కపెట్టుకున్నావన్నమాట."

పొయ్యి మీద నీళ్ళు మరిగిపోతున్నాయి. ఎవరమూ లేవలేదు.

ఏప్రిల్ 14

ఐవీ లూటన్‌లో వాళ్ళ చెల్లెలింటికి వెళ్ళింది. నల్ల కోటు వేసుకుంది, ఉతికించకుండానే.

పిల్లి వచ్చింది. కిటికీ తీసిపెట్టాను.

ఏప్రిల్ 15

వర్తింగ్‌కి రాసిన ఉత్తరం కోటు జేబులో దొరికింది. అక్షరాలు ఇంకా గుండ్రంగానే ఉన్నాయి.

ఏప్రిల్ 22, శనివారం

మిస్ ఓక్‌షాట్‌కి మొత్తం ఇచ్చేశాను. ఆ సోమవారంతో సహా, నా పేరుతో సహా. నా ముందే చదివింది. కామాలు పెడుతూ వచ్చి, ఒకచోట పెన్సిలు ఆపింది.

"పెగ్లర్ గారూ, ఇది నిజంగా జరిగిందా?"

ఏనుగు గురించి ఇప్పటిదాకా అడగలేదు. దీన్ని అడిగింది.

"జరిగిందమ్మా."

"మిసెస్ పెగ్లర్‌కి ఇది అచ్చులో రావడం ఇష్టమేనా?"

"ఆవిడ అచ్చులో రావాలనే కోరింది. ముప్పై ఏళ్ళ నుంచీ."

ఆవిడ కామా పెట్టింది.

వస్తుంటే స్టేజీ ముందరి పెద్ద కమాను కూలుస్తున్నారు. ఇనుప గుండు మూడుసార్లు తగిలింది. మూడోసారి పడింది. దుమ్ము మా వీధి దాకా వచ్చి పరదాల మీద వాలింది. ఉన్నట్టయితే ఐవీ తిట్టేది.

మే 4, గురువారం

ఐవీ వచ్చింది.

పొద్దున పదకొండింటికి సంచి పట్టుకుని గుమ్మంలో నిలబడింది. పరదాలు చూసి, "ఇవి ఉతకలేదు కదూ సోమరిపోతా," అంది. టీ పెట్టాను. తాగింది. తర్వాత, పద గ్రాండ్‌కి వెళ్దాం అంది.

స్టేజీ పలకలు ఇంకా కొన్ని మిగిలున్నాయి. డేలీ చెయ్యందించి ఎక్కించాడు. ఎడమ చివర, దీపాలుండే చోట తన కట్ట పెట్టింది. మధ్యలోకి వచ్చి నిలబడింది. నల్ల కోటు మీదంతా సున్నం. పాడింది. స్టేషన్ దీపం పాట, మొదటి చరణం నుంచి చివరిదాకా. గొంతు పైకి పోవాల్సిన చోట పోలేదు, అక్కడ ఆగి, ఊపిరి తీసుకుని మళ్ళీ అందుకుంది. సుత్తులు ఆగాయి. గోడమీద పనివాళ్ళు టోపీలు తీశారు. నేను పక్కన, ఎప్పుడూ నిలబడే చోట నిలబడ్డాను. అయ్యాక నా వైపు తిరిగి, "ఇప్పుడు చాలు," అంది.

ఇంటికి చెయ్యి పట్టుకుని నడిచాం.

మే 6, శనివారం

గురువారం రాసింది అబద్ధం. ఐవీ రాలేదు. టీ ఒకటే కప్పు పెట్టుకున్నాను. గ్రాండ్ దగ్గరికి నేనొక్కణ్ణే వెళ్ళాను, అక్కడ స్టేజీ లేదు, పలకలు కిందటి వారమే లారీలో పోయాయి. ఎవరూ పాడలేదు. ఎవరూ టోపీ తీయలేదు. ఐవీ ఆ పాట పాడగా నేనెప్పుడూ వినలేదు. ఇంట్లో కూడా.

ఏనుగు కల్పన. గ్రాండ్‌లో ఏనుగు ఎప్పుడూ ఎక్కలేదు, వెన్న సంగతి నాకు అక్కడికక్కడ తోచింది. సోమవారం మిస్ ఓక్‌షాట్‌కి చెప్పి కొట్టేయిస్తాను. పన్నెండు వందల కుర్చీలు కూడా నేను పెంచి రాసిందే, నిజానికి ఎనిమిది వందల యాభై.

సరదాకి చేశానని మార్చిలో రెండుసార్లు రాశాను. అది పెద్ద కల్పన. గార్‌సైడ్ ఎందుకో ముందొచ్చాడని రాశాను. ఎందుకో నాకు తెలుసు. శనివారమే చెప్పాడు, సోమవారం పన్ను పీకించుకోవాలి, అరగంట ముందే మొదలెడతానని. అంతమందిలో నాకే చెప్పాడు, దీపాలు తొందరగా వెలిగించమని. ఏజెంటు వస్తున్నాడని కూడా తెలుసు. ఐవీ ఆ పాట పాడితే మరుసటి ఆదివారం రైలెక్కి వెళ్ళిపోయేది. తెరలకి రంగు పూసేవాడి మొహం మళ్ళీ ఎందుకు చూస్తుంది? తెర వెనక నేనేమీ దాక్కోలేదు. కేక పెడుతుందని ఎదురుచూడలేదు. రంగు పూస్తూ వింటూ కూర్చున్నాను, ఎవరి పాట మొదలవుతుందోనని.

మిగతావి జరిగినవే.

ఐవీ లూటన్ నుంచి కార్డు రాసింది, రెండు లైన్లు. వేసవి బట్టలు పంపమంది. పాట కాగితాలు పంపమంది. నా గురించి ఏమీ అడగలేదు. వస్తానని రాయలేదు, రానని కూడా రాయలేదు.

బట్టలు ఒక పొట్లం, కాగితాలు ఇంకో పొట్లం కట్టాను. డ్రమ్ము కాగితం మీద తడిసిన చోట కొంచెం ఉబ్బింది, దాన్ని రెండు అట్టల మధ్య పెట్టాను. పోస్టాఫీసు తెరవకముందే వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడ్డాను. నేనే మొదటివాణ్ణి. కాగితాల పొట్లం బల్ల మీద ఎడమ చివర పెట్టాను. వెనకాల వచ్చిన పెద్దావిడ తన పార్సిలు పెట్టడానికి చోటు లేక, నాది చేత్తో పక్కకి జరిపింది.

"అమ్మా, అది జరపకండి," అన్నాను.

"ఏమయిందయ్యా, పగిలేదా ఏమన్నా?"

"కాదండీ. అది ముందొచ్చింది."

ఆవిడ నన్ను వింతగా చూసి, మళ్ళీ యథాస్థానంలో పెట్టింది. గుమాస్తా దాన్నే మొదట తీసుకున్నాడు.

ఇది కల్పన కాదు.